ఒంటరి సాము – జోడు సాము

సాము నేర్చుకొన వచ్చిన బాలురలో కొందఱు మొదటి వారములోనే అడుగు ప్రశ్న యొకటి కలదు. "నే నొక్కడనే యింటివద్ద సాధన చేసికొనిన చాలదా?" అని. మఱికొందఱు దీనికి విరుద్ధముగా, "ఒంటరిగా గాలిలో కఱ్ఱ త్రిప్పుట యేల? ఎదుట మనిషిని నిలిపినచో రెండు దినములలో వచ్చును" అందురు. ఈ రెండు మాటలలోను కొంత నిజమున్నది, కొంత సోమరితనమును ఉన్నది. మొదటివాడు దెబ్బకు జంకుచున్నాడు. రెండవవాడు విసుగునకు జంకుచున్నాడు. మా పాఠశాలలో కొన్ని సంవత్సరములనుండి సాయంకాలపు వ్యాయామతరగతిలో కఱ్ఱసాము నేర్పించుచున్నాము. ఈ విషయమై మేము తెలిసికొనిన దానిని, మావలన జరిగిన పొరపాటును దాచక, విద్యార్థులకు వివరింప దలచితిమి.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక తొమ్మిదవ అధ్యాయమున గాలిలో గ్రుద్దులు విసరు ముష్టియోధుని ప్రస్తావించి, తాను అట్టివాడు కాడని తెలిపెను. కొరింథు పట్టణపు చేరువనే రెండేండ్ల కొకమాఱు ఇస్త్మియ క్రీడలు జరుగుచుండెడివి. ఆ పట్టణమువారికి ఆ మాటను ఎవరును విడమఱచి చెప్పనక్కఱ లేకపోయి యుండును. పౌలునకు నాలుగువందల యేండ్లకు పూర్వమే గ్రీకు తత్త్వవేత్తయగు ప్లేటో తన వృద్ధాప్యమున రచించిన "శాసనములు" అను గ్రంథము ఎనిమిదవ భాగములో ఇదే సంగతిని విచారించెను. ముష్టియుద్ధమునకు సిద్ధపడువాడు సాధ్యమైనంతవరకు నిజమైన పోరునకు దగ్గఱగా జతగానితో సాధన చేయవలెను. అందుకై చేతులకు తోలుపట్టెడలకు బదులు గుండ్రని చుట్టలు కట్టుకొనవలెను. జతగాడు దొరకనప్పుడు ప్రాణములేని బొమ్మను వ్రేలాడదీసి దానిపై సాధన చేయవలెను. అదియు లేనినాడు తన నీడతో తానే పోరాడవలెను. ఇది ఆయన చెప్పిన వరుస. మన బాలురు దీనిని తలక్రిందు చేసి, నీడతో ఆరంభించి, జతగానివఱకు రాకమునుపే మానివేయుచున్నారు.

అయినను ప్లేటోతో మేము పూర్తిగా ఏకీభవింపలేము. ఒంటరిసాధన జతగాడు దొరకని దినమునకు మాత్రమే పనికివచ్చునది కాదు. దాని పని దానికి వేఱుగా నున్నది. పాదము నిలుపుట, నడుము త్రిప్పుట, మణికట్టును వదులు చేయుట మొదలగునవి ఎదుట మనిషి యున్నప్పుడు చక్కగా పట్టువడవు. ఏలయన, దెబ్బ వచ్చుచున్నదన్న తలంపుతో మనస్సంతయు కన్నులలోనికి పోవును. కాళ్లు ఎచ్చట నున్నవో తెలియదు. ఒక్కడే యున్నప్పుడు అడుగును ఎంత నెమ్మదిగానైనను వేయవచ్చును, నడుమ ఆపవచ్చును, ఎడమచేతికి కుడిచేతితో సమానమైన పాలు ఈయవచ్చును. మన యెడమచేతి కొఱకు అరగంటసేపు ఓపిక పట్టు జతగాడు ఈ లోకమున దొరకుట అరుదు.

మన దేశపు మల్లులు ఈ రెంటిని చక్కగా జోడించిరి. కల్యాణి చాళుక్య ప్రభువైన మూడవ సోమేశ్వరుడు క్రీ.శ. 1130 ప్రాంతమున సంస్కృతమున రచించిన మానసోల్లాసమున మల్లవినోదమను భాగమున్నది. నేటి తెలంగాణమునందు పెక్కుభాగము ఆ కాలమున ఆ చాళుక్యుల యేలుబడిలోనిదే. అందు మల్లులు చేయవలసిన శ్రమలు చెప్పబడినవి: బరువులెత్తుట, నడచుట, నీట నీదుట, బాహువులు పెనవైచి పెనగుట, స్తంభముపై సాధన చేయుట. మొదటి మూడును ఒంటరివి, నాల్గవది జోడుది. స్తంభశ్రమ యీ రెంటికిని నడుమ నున్నది. స్తంభము పట్టుకొనుటకు మనిషివలె నిలిచియుండును గాని, తిరిగి పట్టుకొనదు. ఈ స్తంభసాధనను రెండవ బాజీరావు పీష్వా కాలమున బాలంభట్ట దేవధరు మరల ప్రచారమునకు తెచ్చెను. అదియే నేటి మల్లఖంబము. ఇప్పుడది కుస్తీతో నిమిత్తములేని వేఱొక విద్యయై, ప్రత్యేక పోటీలతో వర్ధిల్లుచున్నది. చూచుటకు అతి మనోహరమైన విద్య. దానిని మేము తక్కువచేయుటలేదు. కాని ఒంటరిసాధన యొక్క స్వభావమిది: దానిని దాని దారిన విడిచినచో క్రమముగా తనకు తానే గమ్యమై కూర్చుండును.

ఉత్తరదేశపు అఖాడాలలో ఉదయము గోదాలో మన్ను త్రవ్వి జోడుగా పెనగుదురు. సాయంకాలము దండీలు, బస్కీలు తీయుదురు. ఉదయపు పెనుగులాటకు జోరు అని పేరు. అది పందెము కాదు. ఒకడు పట్టు వేయును, రెండవవాడు దానికి తన దేహము నిచ్చి, తగినంతమాత్రము ఎదిరించును. పిమ్మట వరుస మాఱును. 1910లో లండనునకు పోయి పాశ్చాత్య మల్లులను కలవరపెట్టి, 1928లో పటియాలాయందు జిబిస్కోను ఒక నిమిషము లోపలనే పడవైచిన గామా దినమునకు వేలకొలది బస్కీలు తీసెడివాడని చెప్పుదురు. ప్రతిదినము నలువదిమందితో పెనగెడివాడనియు చెప్పుదురు. మా విద్యార్థులు మొదటి మాటను కంఠస్థము చేసినారు. రెండవదానిని వారిలో ఒక్కడైనను చెప్పగా మేము వినలేదు.

ఇక మా పొరపాటు. రెండేండ్ల క్రిందట తొమ్మిదవ తరగతిలో ఒక బాలుడుండెను. కఱ్ఱ త్రిప్పుటలో అంత నేర్పరి మా పాఠశాలలో లేడు. కఱ్ఱ కంటికి కనబడక, దాని శబ్దము మాత్రము వినబడుచుండెడిది. వార్షికోత్సవమున వానిని ఒంటరిగా వేదికపై నిలిపితిమి. చప్పట్లు మ్రోగినవి, బహుమానమిచ్చితిమి. మఱుసటి నెల పొరుగూరినుండి వృద్ధుడైన ఒక వస్తాదును పిలిపించితిమి. ఆయన చిన్నతనమునుండి దసరాకును పీర్ల పండుగకును సాము చూపుచు వచ్చినవాడు. మా బాలుని విద్య చూచి మెచ్చుకొని, ఏడవ తరగతి పిల్లవానిని ఎదుట నిలిపి, "వాని నెత్తి మీదికి నెమ్మదిగా ఒక దెబ్బ తియ్యి" అనెను. దెబ్బ నెమ్మదిగనే వచ్చెను. మావాని కఱ్ఱ లేవలేదు. లేచినది ఆలస్యముగా లేచి, చిన్నవాని కఱ్ఱక్రిందికి తన వ్రేళ్లనే తెచ్చెను. రెండు వ్రేళ్లు వాచినవి. వస్తాదు కట్టుకట్టుచు మావైపు తిరిగి, "మాస్టారూ, పిల్లవాని తప్పు లేదు. వాని కఱ్ఱకు ఇంతవఱకు ఏదియు తగులలేదు" అనెను. ఆ బాలుడు నెలదినములు వ్యాయామతరగతికి రాలేదు. చప్పట్లు కొట్టినవారము మేమే. వానికి ఎదుట మనిషిని చూపనివారమును మేమే.

పిమ్మట మేము ఆలోచింపగా కారణములు తెలిసినవి. ఒంటరిగా త్రిప్పువాడు తన కఱ్ఱనే చూచుచుండును. జోడులో చూడవలసినది ఎదుటివాని భుజము. ఒంటరిగా త్రిప్పునప్పుడు తాళము తనది. జోడులో తాళము ఎదుటివానిది. అన్నిటికంటె ముఖ్యమైనది ఎడము. దెబ్బ తగులు దూరమేదో, తగులని దూరమేదో గాలి చెప్పజాలదు. మఱియు దేనికిని తగులని కఱ్ఱను పట్టుకొనుటకు వదులుపట్టు చాలును. ఆ వదులుపట్టే తాకిడివేళ వ్రేళ్లను అప్పగించును.

ఇట్లని జోడుసాధన నిర్దోషమనుకొనరాదు. మేము పశ్చాత్తాపపడి మూడు నెలలు జోడుసాధన తప్ప వేఱొకటి చేయించలేదు. అదియు పాడయ్యెను. పిల్లలు ఇద్దరిద్దరుగా కుదురుకొని, ఒకరి వాడుక నొకరు ఎఱిగి, ఎవరికిని దెబ్బ తగులకుండ ఎదుటివాని కఱ్ఱకే గుఱిపెట్టసాగిరి. టకటక శబ్దము ఇంపుగా వినవచ్చెను. వస్తాదు మరల వచ్చి, ఒక పిల్లవాని కఱ్ఱను దింపించి చూడగా, ఎదుటి దెబ్బ వాని తలకు జానెడు దూరమున గాలిలో పోయెను. అది కోలాటము. కోలాటమున కోలకు కోల తగులుటయే ధర్మము. కఱ్ఱసామున అది అబద్ధము. జతగాడు మనపై ప్రేమతో అబద్ధమాడినను మనము నేర్చునది అబద్ధమే. ఇక రెండవ దోషము దీనికి వ్యతిరేకమైనది. పెద్దపిల్లలు గెలువవలెనన్న యావతో చిన్నవారిని కొట్టుటకు పూనుకొనిరి. కొట్టబడువాడు భయమునే నేర్చును గాని సామును నేర్వడు. తలకు తగులునట్లు తీసి, ఎదుటివాడు కాచలేనప్పుడు తలకు బెత్తెడు దూరమున ఆపగలవాడే మంచి జతగాడు. ఆ ఆపుట ఒంటరిసాధనలో కుదిరిన మణికట్టువలననే సాధ్యమగును. ఒకటి లేక రెండవది నిలువకపోవుట మాకు ఇచ్చటనే స్పష్టముగా కనబడినది.

జపాను దేశమున 1882లో జూడో విద్యకు కోడోకాన్ అను శాలను స్థాపించిన కానో జిగోరో మావంటి ఉపాధ్యాయుడే. తోకియో ఉన్నత ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు ఆయన బహుకాలము అధ్యక్షుడుగా నుండెను. ఆయన జూడోలో ముందుగా నిర్ణయించుకొనిన వరుసలో ఇద్దరు చేయు సాధనకు "కాతా" అనియు, నిర్ణయములేక స్వేచ్ఛగా పెనగుటకు "రందోరి" అనియు పేరులు కలవు. మొదటిది వ్యాకరణమువంటిదనియు రెండవది వ్యాసరచనవంటిదనియు ఆయన పోల్చి చెప్పెను. భాష బోధించు మాకు ఈ పోలిక వెంటనే అర్థమైనది. సూత్రములు వల్లించి ఒక్క ఉత్తరము వ్రాయలేని విద్యార్థిని మేము ప్రతి సంవత్సరము చూచుచున్నాము. సూత్రమెఱుగక పుటలు నింపువానిని సైతము చూచుచున్నాము. కానో శిష్యులకు ఈ రెంటికంటె ముందు మఱియొకటి గలదు. క్రింద పడుట. దెబ్బ తగులకుండ పడు విధమును మొదట ఒంటరిగా చాపపై అభ్యసింతురు. పడుట ఎఱిగినవాడే జతగానికి నిర్భయముగా దేహమీయగలడు. 1964లో తోకియో ఒలింపిక్ క్రీడలలో చేరిన ఈ విద్య, చూచువారికి విసరుటగా కనబడును గాని, నేర్చువానికి పడుటతో ఆరంభమగును.

ఇప్పుడు మా తరగతిలో గంట కాలమును ఈ క్రింది విధముగ పంచుచున్నాము. ఇది శాస్త్రనిర్ణయము కాదు. మా అనుభవము మాత్రమే. మొదటి 15 నిమిషములు ఒంటరిగా అడుగులు, రెండు చేతుల త్రిప్పులు. తరువాత 25 నిమిషములు మాట్లాడుకొని చేయు జోడు: ఒక్క దెబ్బ, ఒక్క కాపు, నెమ్మదిగా, వారమునకు ఒకమాఱు తప్పక జతను మార్చవలెను. పిదప 10 నిమిషములు మాత్రము స్వేచ్ఛగా ఆడవలెను. అప్పుడు వెదురుకు బదులు గుడ్డచుట్టిన పేముబెత్తములు వాడవలెను. కడపటి 10 నిమిషములు మరల ఒంటరిగా. ఈ కడపటి భాగమే మేము క్రొత్తగా చేర్చినది. జోడులో ఏ కాపు తప్పినదో దానినే, ఎదుటివాడు అచ్చటనే యున్నట్లు భావించి, ఇరువదిసారులు నెమ్మదిగా చేయవలెను. మొదటి పావుగంటలో గాలి వట్టి గాలియే. కడపటి పది నిమిషములలో ఆ గాలికి ఒక ముఖము, ఒక భుజము ఏర్పడును. క్రొత్తగా చేరినవానికి సైతము మొదటి దినముననే ఒక్క నిమిషమైనను ఎదుట మనిషిని నిలుపుచున్నాము. ముందు పూర్తిగా నేర్చి పిదప జోడుకు పోవుదమనువాడు ఎన్నటికిని పోడు.

వ్రేళ్లు వాచిన బాలుడు నెల తరువాత తనంతట తానే వచ్చెను. వాని జత ఎవరందురా? ఆ యేడవ తరగతి పిల్లవాడే. వానిని తానే అడిగి కుదుర్చుకొనెనట. ఈ సంవత్సరపు వార్షికోత్సవమున ఇద్దఱును వేదికపై నిలిచి, పండ్రెండు దెబ్బలు, పండ్రెండు కాపులు చూపిరి. కఱ్ఱలు కంటికి స్పష్టముగ కనబడునంత నెమ్మదిగా జరిగినందున చప్పట్లు మునుపటికంటె తక్కువగనే మ్రోగినవి. వెనుక వరుసలో కూర్చున్న వస్తాదు మాత్రము తొమ్మిదవ దెబ్బవద్ద లేచి నిలువబడెను. చిన్నవాడు కాపు మఱచెను. పెద్దవాని కఱ్ఱ వాని నుదుటికి బెత్తెడు దూరమున ఆగియుండెను.