క్షయ మందును, గర్భనిరోధక మాత్రయు



నేను పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పల్లెటూరి ఇల్లాలను. వయస్సు 27 ఏండ్లు. మూడేండ్ల పాప కలదు. రెండవ కాన్పు కొంతకాలము ఆగవలెనని నేనును మావారును అనుకొని, ఏడాదిగా ఆశా కార్యకర్త యిచ్చు మాలా-ఎన్ మాత్రలను రాత్రి భోజనమైన పిమ్మట వేసికొనుచున్నాను. మనుమనికై ఎదురుచూచు మా అత్తగారికి ఈ సంగతి తెలియదు. మాత్రల అట్టను బీరువాలో చీర మడతల నడుమ దాచుచున్నాను.

దగ్గు విడువక, సాయంకాలమగుసరికి జ్వరము వచ్చుచుండుటచే తెమడ పరీక్ష చేయింపగా క్షయ అని తేలినది. ప్రభుత్వ వైద్యశాలలో ఆరు నెలల మందు ప్రారంభించిరి. ఇప్పుడు రెండవ నెల. ప్రతి ఉదయము మూడు పెద్ద మాత్రలు మ్రింగవలెను. మూత్రము నారింజ రంగున వచ్చును, భయపడవద్దని నర్సమ్మగారు ముందే చెప్పిరి. గర్భము రాకుండ మాత్ర వాడుచున్నానని మాత్రము అచట ఎవరికిని చెప్పలేదు. వరుసలో వెనుక మగవారు నిలిచియుండగా నోరు రాలేదు.

గత నెల అట్ట సగములో నుండగనే రక్తపు మరకలు కనబడినవి. చివరి వారము రావలసిన ముట్టు ఒక్కనాడు కొద్దిగా కనిపించి ఆగిపోయినది. రెండు మందులును కలిసి వేడి చేసినవనియు, కొన్నాళ్ళు క్షయ మందు ఆపి చూడుమనియు పొరుగింటి పిన్నిగారు చెప్పుచున్నారు. ఒకటి ఉదయమున, ఒకటి రాత్రి వేసికొనుచుండగా దోషమెట్లు వచ్చినది? నడుమ ఒక రాత్రి మాత్ర మఱచితిని. తప్పు నాదేనా?

— ఒక సోదరి

తల్లీ,

ముందుగా సమాధానము చెప్పవలసినది పిన్నిగారి మాటకు. క్షయ మందును నీవు ఒక్కనాడైనను ఆపరాదు. ఆమె నీ మేలు కోరియే చెప్పియుండవచ్చును గాని, మందు సగములో విడిచినచో అది మందులకు లొంగని క్షయయై తిరిగివచ్చు ప్రమాదము కలదు.

తప్పు నీది కాదు. నీవు ఉదయమున మ్రింగు మాత్రలలో రిఫాంపిసిన్ అను ఔషధము కలదు. నీ మూత్రమునకు నారింజ రంగు తెచ్చినది అదియే, నీ రాత్రి మాత్రను బలహీనపఱచుచున్నదియు అదియే. మాలా-ఎన్ అట్టలోని 28 మాత్రలలో 21 తెల్లనివి; వానిలో ఒక్కొక్కదానియందు 0.15 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్, 0.03 మిల్లీగ్రాముల ఇథినైల్ ఈస్ట్రడయోల్ అను రెండు హార్మోనులుండి, అండము విడుదల కాకుండ ఆపును. తక్కిన ఏడును రక్తపుష్టి నిచ్చు ఇనుప మాత్రలు. ఈ హార్మోనులను కాలేయము ప్రతిదినమును కొంత కొంత విచ్ఛిన్నము చేయుచుండగా, మఱునాటి మాత్ర ఆ లోటును పూరించును. రిఫాంపిసిన్ ప్రవేశించిన పిమ్మట ఆ పని చేయు ఎంజైములు కాలేయములో మిక్కిలిగా పెరుగును; తూము వెడల్పయిన చెఱువున ఎంత నీరు విడిచినను మట్టము నిలువని విధముగా, నీవు మాత్రను వేళ తప్పక వేసికొన్నను రక్తములో హార్మోను నిలువదు. ఆధారము తగ్గిన గర్భాశయపు లోపొర నడుమనే జాఱుటచే నీకు మరకలు కనబడియుండవచ్చును. రెండు మందులకు నడుమ పన్నెండు గంటల ఎడముంచినను ప్రయోజనము లేకపోవుటకు కారణమిదియే: మాఱినది కడుపులోని కలయిక కాదు, కాలేయపు పనితీరే; అది రేయింబవళ్ళు అట్లే యుండును.

జర్మను వైద్యులు 1971లోనే ఈ రెండు మందులును కలిపి వాడు స్త్రీలలో నడుమ రక్తస్రావమును గమనించి ప్రకటించిరి. ఇంత పాత సంగతి నీ చెవిని పడకపోవుట నాకు బాధ కలిగించుచున్నది. బిడ్డను కనదగిన వయస్సులోని స్త్రీ చేతికి రిఫాంపిసిన్ ఇచ్చుచోట, గర్భము రాకుండ ఏమి వాడుచున్నావని వేఱుగా పిలిచి అడుగుట ఆ ఇచ్చువారి విధి. వరుసలో పురుషుల నడుమ నిలిచిన నీవు తలవంచుకొంటివని నిన్ను నిందించుట న్యాయము కాదు.

ఇక చేయవలసినది. ఆశా కార్యకర్త వద్ద నిశ్చయ్ అను గర్భపరీక్ష కిట్టు ఉండును; వేకువన మొదటి మూత్రముతో పరీక్షించుకొని, గర్భము లేదని వచ్చినను వారమునకు మఱల చూచుకొనుము. గర్భమున్నచో క్షయ మందు మానక వైద్యునితో చెప్పుము: సాధారణముగా నిచ్చు ఈ మందులను గర్భిణులకును ఇత్తురు, తెలియక వేసికొన్న మాలా-ఎన్ వలన శిశువునకు హాని లేదు. ఆ గర్భమును నీవు కోరనిచో, నిరోధక సాధనము విఫలమైన స్త్రీకి గర్భస్రావమునకు చట్టము అనుమతించుచున్నది. ఆ నిర్ణయము నీది.

ఈ రాత్రి నుండి మాత్రపై నమ్మకముంచక నిరోధ్ వాడుడు. అది తప్పిపోయినచో 72 గంటల మాత్రతో సరిపుచ్చుకొందమనుకొనవలదు; అదియు లెవోనార్జెస్ట్రెలే గనుక రిఫాంపిసిన్ దానిని కూడ బలహీనపఱచును. అట్టి సమయమున ఐదు దినములలోపల కాపర్-టీ వేయించుకొనుట మేలు.

గర్భము లేదని తేలిన పిమ్మట నీకు రెండు మార్గములు. మూడు నెలలకొకసారి వేయు అంతరా సూదిమందు రిఫాంపిసిన్ నడుమను పనిచేయును. ఇంటిలో దాచవలసిన అట్ట యుండదు. కాని ముట్టు క్రమము తప్పును, మానిన తరువాత గర్భము నిలుచుటకు పలు నెలలు పట్టవచ్చును. కాపర్-టీలో హార్మోనే లేదు గనుక కాలేయము దానినేమియు చేయజాలదు, కోరినపుడు తీయించుకొనవచ్చును. గర్భాశయమునకు క్షయ సోకినవారికి దీనిని వేయరు. రక్తహీనత యున్నచో ముట్టు అధికమగునని వైద్యులు చూచి వేయుదురు. కొంతకాలమునకు మఱల బిడ్డను కోరుచున్నావు కావున, ఆటంకము లేనిచో నేను కాపర్-టీ వైపే మొగ్గుదును.

వైద్యశాలలో నోరు రానిచో చెప్పనక్కఱలేదు. మాత్రల అట్టను తీసికొనిపోయి క్షయ మందుల కార్డుతోపాటు డాక్టరుగారి బల్లపై నుంచుము, వారికి అర్థమగును. పాపను కూడ వెంటబెట్టుకొని పొమ్ము; ఐదేండ్ల లోపు పిల్లలున్న ఇంట క్షయ కనబడినపుడు వారిని పరీక్షించి, రోగము లేనిచో రాకుండ ముందుగనే మందు నిత్తురు.

మఱచిన మాత్రను గూర్చి అడిగితివి. ఇతర మందులేవియు లేని దినములలో ఒక్క తెల్ల మాత్ర మఱచినచో జ్ఞాపకము వచ్చినంతనే వేసికొని, తరువాతిదానిని వేళకు వేసికొన్న చాలును. వరుసగా రెండు లేక అంతకు మించి తప్పినపుడు ఒకటి వెంటనే వేసికొని, ఏడు దినములు నిరోధ్ వాడవలెను. మూడవ వారమున తప్పినచో ఇనుప మాత్రలను విడిచి క్రొత్త అట్ట మొదలిడవలెను. క్రొత్త అట్టను ఆలస్యముగా ప్రారంభించుట అన్నిటికంటె ప్రమాదకరము, ఏలయన హార్మోను లేని దినములు అందువలన పెరుగును. వేసికొన్న రెండు గంటలలోపల వాంతియైనచో మఱొక మాత్ర వేసికొనుము. ఇక ఇతర మందులలో, మూర్ఛకు వాడు ఫెనిటాయిన్, కార్బమజెపీన్ కూడ రిఫాంపిసిన్ వలెనే ప్రవర్తించును. గొంతునొప్పికి ఇచ్చు అమాక్సిసిలిన్ వంటి సాధారణ మందులు మాత్ర బలమును తగ్గింపవు.

ఆరు నెలల మందు ముగిసిననాడే మాలా-ఎన్‌పై మఱల ఆధారపడవలదు. కాలేయము యథాస్థితికి వచ్చుటకు మఱి నాలుగు వారములు పట్టును; అంతవఱకు నీవు వాడుచున్న వేఱు మార్గమునే కొనసాగింపుము.