సంతకం పెట్టాక ఇక ఏమీ చేయలేమా?



శుక్రవారం క్యాంపుకి వెళ్తే ఎక్కువగా వినపడే మాట ఇది: "సంతకం పెట్టిన సార్, ఇగ నా చేతుల ఏమున్నది?" జగిత్యాల వైపు తమ్ముడొకడు కూడా ఇదే అన్నాడు. ఊళ్లో ఏజెంటు చెప్పింది మేస్త్రీ పని, నెలకు 1,800 రియాళ్లు. ఇక్కడ దొరికింది క్లీనింగ్ పని, 1,000 రియాళ్లు. అడిగితే అరబ్బీ కాగితం చూపించి "ఇది నీ సంతకమే కదా" అన్నారట.

బీకాంలో చదివిన పాఠం ఆ రోజు పనికొచ్చింది. మన భారత కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. అందులో అసలే చెల్లని ఒప్పందం వేరు, రద్దు చేసుకోదగ్గ ఒప్పందం వేరు. రెండోదాన్ని వాయిడబుల్ అంటారు. బెదిరించో, మోసం చేసో, అబద్ధం చెప్పో ఒప్పిస్తే, ఆ ఒప్పందాన్ని ఉంచాలా తీసేయాలా అన్నది మోసపోయిన మనిషి ఇష్టమని 19వ సెక్షన్ చెప్తుంది. మోసం చేసినవాడికి ఆ ఇష్టం లేదు.

మనవాళ్లు పొరబడేది ఇక్కడే. మోసం జరిగింది కదా, కాగితం దానంతటదే పోతుందనుకుంటారు. పోదు. నువ్వు కాదనేదాకా అది నడుస్తూనే ఉంటుంది. విషయం తెలిశాక కూడా ఎనిమిది నెలలు నోరెత్తకుండా అదే పని చేస్తే "నువ్వు ఒప్పుకున్నట్టే" అంటారు. అప్పుడు జవాబు చెప్పడం కష్టం.

ఊళ్లో ఏజెంటుతో లెక్క మన చట్టం కింద. లైసెన్సు ఉన్న ఏజెంటైతే ఈమైగ్రేట్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఇక్కడి కంపెనీతో లెక్క 2005 నాటి సౌదీ కార్మిక చట్టం కింద. అందులో 81వ ఆర్టికల్ గుర్తుపెట్టుకోండి. ఒప్పందం చేసుకునేటప్పుడు పని గురించి యజమాని గానీ అతని తరఫు మనిషి గానీ మోసం చేస్తే, కార్మికుడు నోటీసు లేకుండా పని మానేయొచ్చు, చట్టం ఇచ్చిన హక్కులు పోవు. ఒప్పుకున్న పని కాకుండా పూర్తిగా వేరే పని చేయించినా అంతే. 60వ ఆర్టికల్ ప్రకారం దానికి నీ రాతపూర్వక ఒప్పుదల కావాలి. అత్యవసరమైతే తప్ప, అదీ ఏడాదికి 30 రోజులే. అయితే ఏజెంటు కంపెనీ తరఫునే మాట్లాడాడని చూపగలగాలి. రెండు భాషల్లో కాగితం ఉంటే అరబ్బీలో ఉన్నదే చెల్లుతుంది కాబట్టి, క్వివాలో ఒప్పుకునే ముందు అరబ్బీ వచ్చినవాళ్లతో చదివించుకోండి.

ఇది చదివి రాత్రికి రాత్రే మూట సర్దకండి! చెప్పాపెట్టకుండా బయటపడితే హురూబ్ రాస్తారు, తప్పు మీ మీదికొస్తుంది. ముందు మక్తబ్ అమల్‌లో ఫిర్యాదు, ఆ తర్వాతే అడుగు. అక్కడ మొదట రాజీకి కూర్చోబెడతారు, దానికి 21 రోజుల గడువు. కుదరకపోతే లేబర్ కోర్టు. పని సంబంధం ముగిసిన 12 నెలల్లోపే కేసు వేయాలి.

ఇళ్లల్లో పనిచేసే అక్కలకు, ఇంటి డ్రైవర్లకు ఈ 81 వర్తించదు. మీకు వేరే నిబంధనలున్నాయి, 2024 అక్టోబరు నుంచి కొత్తవి అమల్లోకి వచ్చాయి. మీ కాంట్రాక్టు ముసానెద్‌లో ఉంటుంది. ఒక ఇంటికని తెచ్చి చుట్టాల ఇళ్లకు కూడా తిప్పుతుంటే అది ఫిర్యాదు చేయాల్సిన విషయమే. ఫోన్ మీ చేతిలో లేకపోతే ఊళ్లో ఇంటివాళ్లు మదద్ పోర్టల్‌లో రాయొచ్చు. అది మన రియాద్ ఎంబసీకో, జెద్దా కాన్సులేట్‌కో చేరుతుంది.

తమ్ముడి దగ్గర ఏజెంటు పంపిన వాయిస్ మెసేజ్ ఉంది. "పద్దెనిమిది వందలు, మేస్త్రీ పని, మా కంపెనీదే" అని స్పష్టంగా వినిపిస్తుంది. ఫోన్ నిండిందని దాన్ని తీసేయబోయాడట! వచ్చిన ఐదో వారంలోనే ఫిర్యాదు పెట్టించాం. రెండోసారి కూర్చోబెట్టినప్పుడు కంపెనీ మేస్త్రీ పనికి మార్చి 1,500కి ఒప్పుకుంది. నాకైతే ఇంకాస్త నిలబడి ఉంటే బాగుండేదనిపించింది. కానీ ఊళ్లో వడ్డీ కట్టేది అతను, నేను కాదు. కొత్త కాగితం ఈసారి నాతో చదివించుకున్నాకే సంతకం పెట్టాడు.