పొన్నమొక్కల పెంపకము

ఆంగ్లేయులు అలెగ్జాండ్రియన్ లారెల్ అని పిలుచు వృక్షము మన సముద్రతీరములందు పెరుగుచున్నది. పేరు విని దీనిని ప్రాచీన గ్రీకులు విజేతల శిరస్సులకు చుట్టిన లారెల్ అని భ్రమపడరాదు. ఆ మొక్క మధ్యధరాసముద్ర ప్రాంతమునకు చెందినది. దీని కుటుంబము వేఱు. మెఱయు ఆకులను చూచి పరదేశీయులు పెట్టిన పేరు కాబోలు. మనకిది పొన్న.

సంస్కృతమున దీనిని పున్నాగమందురు. తమిళులకు పున్నై, కన్నడిగులకు సురహొన్నె, ఒడియావారికి పొలాంగ, మరాఠీవారికి ఉండి. మన పాలు కన్నడమున హాలు, మన పులి హులి యైనట్లే పొన్నయు హొన్నె యైనది. ఇరుగుపొరుగు భాషల నడుమ పెరుగు మన బాలబాలికలు ఈ రెండు పేళ్లను ఎఱిగి యుండవలెను. పాఠశాలలో ఒక పేరు, ఇంట మఱియొక పేరు విని, ఇవి రెండు చెట్లని తలచు విద్యార్థులు లేకపోలేదు. తెలుగున సురపొన్న యనునది మాత్రము వేఱొక చెట్టు. పొన్నగంటికూరకును దీనికిని ఏ సంబంధమును లేదు.

తమిళ సంఘసాహిత్యమందలి నట్రిణై సంకలనమున 172వ పద్యము ఈ చెట్టును గూర్చినదే. బాలికలు ఆటలో ఒక పొన్నగింజను తెల్లని యిసుకలో నొక్కి మఱచిపోయిరి. అది మొలకెత్తగా, నేయి కలిపిన పాలు పోసి పెంచిరి. ఆ చెట్టు మీకు తోబుట్టువనియు, మీకన్న మేలైనదనియు తల్లి చెప్పుచుండెను. అందుచే దాని నీడను ప్రియునితో నవ్వులాడుటకు నాయికకు సిగ్గు కలిగినదట. పాలును నేయియు అక్కఱలేదు, నీరు చాలునని మా అభిప్రాయము. గింజ యిసుకలో సుఖముగా మొలచునన్న మాట మాత్రము ముమ్మాటికి నిజము.

చెట్టును గుర్తించుటకు ఆకు చాలును. దళసరిగా, నున్నగా నుండును. నడిమి యీనెనుండి సన్నని యీనెలు దువ్వెనపండ్లవలె దగ్గఱదగ్గఱగా, సమాంతరముగా సాగును. పువ్వులు తెల్లనివి, నడుమ పసుపుపచ్చని కేసరములు గలవి, పరిమళించునవి. కాయ గోళీకన్న పెద్దదై గుండ్రముగా నుండును.

నాటుటకు చెట్టుక్రింద రాలిన పండిన కాయలనే ఏఱుకొనవలెను. పై తొక్క తీసినచో గట్టి పెంకు కనబడును. ఆలస్యమంతయు ఈ పెంకులోనే యున్నది. పెంకుతో పాతినచో మొలకకు రెండు నెలలు పట్టవచ్చును. పప్పునకు దెబ్బ తగులకుండ పెంకును తీసి పాతినచో మూడు నాలుగు వారములు చాలును. కావున చిన్న సుత్తితో మెల్లగా తట్టి పగులగొట్టవలెను. ఈ పని పెద్దల యెదుట చేయుట మేలు. పప్పు తినరానిది. చెట్టునుండి కారు పాలు కంటికి తగులరాదు.

ఇసుక, మట్టి, చివికిన పశువుల యెరువు సమముగా కలిపి సంచులలో నింపి, గింజను అంగుళము లోతున పెట్టవలెను. పలుచని నీడ, దినమున కొకమాఱు నీరు వలయును. మొక్క అడుగెత్తు పెరిగిన పిమ్మట కొన్నాళ్లు ఎండకు అలవాటు చేసి నేలలో నాటవచ్చును. వేరు క్రిందికి సూటిగా దిగును గనుక సంచి చించునపుడు మట్టిగడ్డ చెదరరాదు. యానాములోను ఒడిశాలోను తొలకరి వర్షములకు నాటుదురు గాక. తమిళతీరమున ముఖ్యవర్షములు అక్టోబరునుండి కురియును గనుక అక్కడివారు అంతవఱకు ఆగుట యుక్తము.

ఉప్పుగాలికిని ఇసుకనేలకును పొన్న వెఱవదు. వెఱవవలసినది కలుపునకును పశువులకును. మొదటి రెండు వేసవులందు నీరు, చుట్టు ముండ్లకంచె, మొదట కలుపులేని జానెడు నేల: ఇంతియే సేవ. సరుగుడు వలె ఇది త్వరగా పెరుగదు. అందుచేతనే దీనిని నాటువారు తక్కువ. 2004వ సంవత్సరపు సునామీ పిమ్మట తమిళతీరమున రక్షణకై నాటిన తోపులలోను సరుగుడే అధికము. వానిని నఱకి అమ్ముకొనుటకు కొలది యేండ్లు చాలును. పొన్న తరములు నిలుచును. ఆటస్థలపు సముద్రపు వైపు అంచున నాటుటకు మేము పొన్ననే కోరుదుము. కొమ్మలు వెడల్పుగా విస్తరించును గనుక గోడకును మొక్కకును ఎనిమిది గజముల యెడము విడువవలెను. నడకదారికి దగ్గఱ నాటినచో రాలిన కాయలపై కాలు జాఱును.

కాపునకు సుమారు ఏడెనిమిదేండ్లు పట్టును. పప్పులో సగమునకు మించి నూనెయే యుండును. పచ్చనై చిక్కగా నుండు ఆ నూనెను పూర్వులు దీపములలో వాడిరి. పండ్లను గబ్బిలములు దూరమునకు మోసికొనిపోవును. కడలి నీటిలో తేలియు గింజలు చేరవలసినచోటికి చేరును. చెట్టు కాచిన పిమ్మట దాని క్రింద మొలచిన నారును వృథా చేయక, లేతగా నున్నపుడే మట్టిగడ్డతో త్రవ్వి సంచులకు మార్చి, పొరుగు పాఠశాలలకు పంచవచ్చును.