విశాఖ ముందు, ఉల్సాన్ తర్వాత

ఈ నెల పాఠం ఓడల గురించి.

1948 మార్చి 14న విశాఖపట్నంలో 'జల ఉష' నౌకకు నెహ్రూ జలప్రవేశం చేయించారు. కొరియాలోని ఉల్సాన్‌లో హ్యుందాయ్ షిప్‌యార్డ్ పనులు మొదలైంది 1972లో. అయినా నేడు ప్రపంచ నౌకా నిర్మాణంలో 90 శాతానికి పైగా చైనా, కొరియా, జపాన్‌లదే. మన వాటా ఒక్క శాతం కూడా లేదు.

మనవాళ్లకు పని రాక కాదు. ఓడ పూర్తయ్యేదాకా పెట్టుబడికి వడ్డీ కట్టాలి, పెద్ద ఇంజిన్లు బయటినుంచి తెప్పించాలి. అక్కడేమో ఒకే నమూనా ఓడలు వరుసగా కడతారు, ఒక్కోదాని ఖర్చు తగ్గుతుంది.

2025 సెప్టెంబరులో కేంద్రం 69,725 కోట్ల ప్యాకేజీ ఆమోదించింది. 2047కల్లా మొదటి ఐదు దేశాల్లో ఉండాలట! డబ్బు సరే, ఓడను డిజైన్ చేసేదెవరు? మన ఇళ్లలో బీటెక్ అంటే సీఎస్‌ఈయే. నేవల్ ఆర్కిటెక్చర్ కోర్సు ఖరగ్‌పూర్, మద్రాస్ ఐఐటీల్లోనే కాదు, విశాఖలోని ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీలోనూ ఉంది.