వంటవాణ్ణి మానిపించమ్మా

పార్వతీపురం

చి.సౌ. శారదకు బాబాయి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పిల్లల స్కౌటు దళానికి సాయంగా మీ కాలనీ పెద్దలంతా కమిటీగా కూడారని చదివి పొంగిపోయాను. ఆ కిందే భీమిలి క్యాంపుకి కేటరింగ్ మాట్లాడామన్నావు చూడు, అక్కడ ప్రాణం ఉసూరుమంది. పొద్దున టిఫిను, రెండు పూటలా భోజనం, సాయంత్రం మిరపకాయ బజ్జీలట! అది క్యాంపా, మగపెళ్ళివారి విడిదా?

కోప్పడుతున్నాననుకోకు. ఎందుకంటున్నానో విను.

స్కౌటు దళంలో చిన్న జట్టుని పెట్రోల్ అంటారు. పెట్రోల్లో ఆరుగురో ఎనిమిదిమందో పిల్లలు, వాళ్ళలోంచే ఒక లీడరు. 1907లో బ్రౌన్‌సీ దీవిలో మొదటి క్యాంపు పెట్టినప్పుడే స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పవెల్ కుర్రాళ్ళని నాలుగు పెట్రోళ్ళు చేశాడు. పని పంచుకోవడం, పోట్లాడుకోవడం, సర్దుకోవడం వాళ్ళలో వాళ్ళకే. ఇదంతా పొయ్యి దగ్గర తెలిసినంతగా జెండా వందనం దగ్గర తెలియదు.

మా చిన్నప్పుడు స్కౌటు క్యాంపుకని మేం సరుగుడు తోటలో దిగిన రోజు జల్లు పట్టుకుంది. మీ నాన్నే మా లీడరు. తోమేటప్పుడు మసి ఇట్టే వదలాలని గిన్నె అడుక్కి బురద మెత్తి మూడు రాళ్ళ మీద పెట్టాం. తడి కట్టెలు, పొగే గాని మంట లేదు. మీ నాన్న వెళ్ళి ఎక్కడెక్కడో పొడిగా మిగిలిన సరుగుడు కాయలు ఏరుకొచ్చాడు. అన్నం అడుగు మాడింది, పైన పలుకు. పప్పులో ఉప్పు ఇద్దరు వేశారు. మా స్కౌటు మాస్టారు చెట్టుకింద పేపరు చదువుకుంటూ ఒక్క మాటా అనలేదు. పక్కన మాత్రం రెండు నీళ్ళ బకెట్లు నింపి పెట్టుకున్నారు. ఆ బకెట్లు ఊళ్ళోని పాత స్కౌట్లవి. ముందురోజే వచ్చి నుయ్యి చూసి, దొడ్డి గోతులు తవ్వి, మందులపెట్టె అప్పగించి వెళ్ళిపోయారట. వాళ్ళ మొహాలైనా మేం చూడలేదు.

మీ కమిటీ చెయ్యాల్సిన పనులు అవీ. ఆడపిల్లలు వస్తున్నారు గనక రాత్రి కాపలాకి మీ ఆడవాళ్ళే ఉండండి, ఒక్కరు కాదు, ఇద్దరు తక్కువ కాకుండా. పాత స్కౌట్లకీ గైడ్లకీ 1953లో లూసర్న్‌లో ప్రపంచ సంఘమే పెట్టారు. మన దేశంలోనూ అలాంటి ఫెలోషిప్ ఉంది, అనుభవమున్నవాళ్ళని అడగండి.

దాతల మాటకొస్తే, లండన్ కుర్రాళ్ళకి క్యాంపు వేసుకోను చోటు లేదని మెక్లారెన్ అనే స్కాట్లండ్ ఆయన డబ్బిచ్చి 1919లో గిల్‌వెల్ పార్కు కొనిపించాడు. చోటిచ్చాడు గాని వంటవాణ్ణి పెట్టలేదు, గమనించు! స్కౌటు నాయకుల శిక్షణ పూర్తిచేసి వుడ్ బ్యాడ్జి పొందినవాళ్ళ స్కార్ఫు వెనక కొసన చిన్న గళ్ళ గుడ్డముక్క ఉంటుంది. ఆ గళ్ళు ఆయన వంశానివి. అంతే ఆయనకి దక్కిన ఫ్లెక్సీ. మీ దాతల ఫోటోలది ఎన్ని అడుగులన్నావు?

మీ చిన్నాడు ఉల్లిపాయ తరగడం రాదని భయపడుతున్నాడన్నావు. పిచ్చి నాన్న! ఆ రోజు మాలో ఎవడికి వచ్చు గనక?

వంటవాడికి అడ్వాన్సు ఇచ్చేశామంటావేమో. ఆఖరి రోజు తల్లిదండ్రులొస్తారుగా, ఆ బజ్జీలేవో వాళ్ళకి వేయించండి. నీకు మీ పిన్ని ఆవకాయ పంపుతోంది. జాడీ క్యాంపుకి పట్టుకెళ్ళకు.

ఆశీస్సులతో
బాబాయి