రోగికీ ధమ్మం ఉంది, సేవ చేసేవారికీ ధమ్మం ఉంది



ఊరందరి కష్టం నెత్తిన వేసుకుని, తన ఒంటి సంగతి మాత్రం పట్టించుకోని మనిషి మీ ఇంట్లోనూ ఉండే ఉంటాడు. మా ఇంట్లో ఆయన మా చిన్నాన్న. నన్ను మొదటిసారి బుద్ధ విహారానికి వెంటబెట్టుకెళ్ళింది ఆయనే. షుగరు వచ్చి పన్నెండేళ్ళయింది. బిళ్ళలు గుర్తొస్తే వేసుకుంటాడు, లేకపోతే లేదు. మీటింగు రోజున పొద్దున్నుంచీ టీలే, అన్నం రాత్రి పదకొండుకి. కిందటేడు కాలి బొటనవేలికి పుండు పడితే, గుడ్డ కట్టుకుని పది రోజులు తిరిగాడు. చిన్నమ్మ చూసి ఏడ్చింది. నేను కోప్పడ్డాను. "ఒరేయ్, బాబాసాహెబ్ తన ఆరోగ్యం చూసుకున్నాడా?" అన్నాడు. నా నోరు మూతపడింది.

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుందాం.

బాబాసాహెబ్ ఏం చేశారు?

ఆయన జబ్బుతోనే పనిచేశారు, నిజమే. మధుమేహం, కాళ్ళ నొప్పులు ఏళ్ళ తరబడి బాధించాయి. కానీ అది సగం మాటే. 1948 ఏప్రిల్ 15న ఆయన డాక్టర్ శారదా కబీర్‌ను పెళ్ళి చేసుకున్నారు. తనను కనిపెట్టుకుని ఉండే, వైద్యం తెలిసిన తోడు అవసరమని ఒప్పుకున్నారు. అంత మేధావికి తన శరీరం గురించి ఇంకొకరి మాట వినడం చిన్నతనం అనిపించలేదు.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో దీక్ష. సరిగ్గా 53 రోజులకు, డిసెంబరు 6న, 65 ఏళ్ళ వయసులో వెళ్ళిపోయారు. ముందు రాత్రి కూడా 'ద బుద్ధ అండ్ హిస్ ధమ్మ' ముందుమాట పని దగ్గరే పెట్టుకున్నారు. ఆ పుస్తకం 1957లో అచ్చయింది. ఆయన చూడలేదు. "ఇంకో పదేళ్ళు ఉండుంటే" అని ఏటా డిసెంబరు 6న మనమే అనుకుంటాం కదా! మనకు అంత లోటు చేసినదాన్ని ఆదర్శం అనుకోవచ్చా?

బుద్ధుడు ఏం చెప్పాడు?

వినయ పిటకం మహావగ్గంలో ఒక భిక్షువు కథ ఉంది. విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. అతనివల్ల తమకేమీ ఉపయోగం లేదని తోటివారు వదిలేశారు. బుద్ధుడు నీళ్ళు పోశాడు, ఆనందుడు కడిగాడు. ఇద్దరూ చెరోవైపు పట్టి మంచం మీద పడుకోబెట్టారు. తనకు సేవ చేయాలనుకునేవాడు రోగికి సేవ చేయాలని అప్పుడే చెప్పాడు.

అక్కడితో ఆగలేదు. రోగికి కూడా బాధ్యత పెట్టాడు. సరిపడనిది తినేవాడు, సరిపడేదాంట్లోనూ మితం తెలియనివాడు, మందు వేసుకోనివాడు, బాధను ఉన్నదున్నట్టు చెప్పనివాడు, నొప్పి ఓర్చుకోలేనివాడు సేవకు కష్టమైన రోగి అన్నాడు. మా చిన్నాన్నకు నొప్పి ఓర్చుకోవడం ఒక్కటే బాగా వచ్చు. మిగతా నాలుగూ ఆయనవే.

మరి అలాంటివారిని మార్చేదెలా? సంయుత్త నికాయంలో కోసల రాజు ప్రసేనజిత్తు ఉన్నాడు. కుండెడు అన్నం తిని ఆయాసపడుతూ వచ్చాడు. బుద్ధుడు తిట్టలేదు. మితంగా తినేవాడికి బాధలు తగ్గుతాయని నాలుగు పాదాల్లో చెప్పాడంతే. సుదస్సనుడనే యువకుడు దాన్ని నేర్చుకుని, రాజు అడిగినట్టే, రోజూ భోజనం వేళ పక్కన నిలబడి వినిపించాడు. రాజు మెల్లమెల్లగా తగ్గించాడు. చూడండి, ఒకే మాట, సమయానికి, రోజూ, కోపం లేకుండా. ఇంకో సంగతి, రాజు తానే ఒప్పుకున్నాడు. ఒప్పించకుండా మొదలుపెడితే అది పోరే అవుతుంది.

మన దిగులు సంగతి

కరుణకు దగ్గరి శత్రువు దుఃఖమేనని విసుద్ధిమగ్గం చెబుతుంది. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి. దిగులుపడి రాత్రంతా మేలుకున్నంత మాత్రాన చిన్నాన్న షుగరు తగ్గదు. కరుణ అయితే లేచి పని చేస్తుంది.

అలాగే 'ఉపేక్ష' అంటే తెలుగులో నిర్లక్ష్యం అని వాడతాం. పాళీలో ఉపేక్ఖా అంటే సమచిత్తం. చేయగలిగింది చేస్తూ, అతను వినని రోజున కూడా మనసు చెదరకుండా ఉండటం. వదిలేయడం కాదు.

ఆచరణ

1. రోజుకు ఒక్క మాటే అడగండి, అదీ భోజనం వేళ. పదిమంది ముందు అడగొద్దు.
2. షుగరున్న వారికి స్పర్శ తగ్గితే పుండు పడినా తెలియదు. రాత్రిపూట అరికాళ్ళు, వేళ్ళ సందులు చూడండి. పుండు కనిపిస్తే మర్నాడే ఆసుపత్రికి.
3. మూడు నెలల షుగరు పరీక్ష చేయించండి. వెంట మీరే వెళ్ళండి.
4. మీటింగు పెట్టే సంఘాలు ఒంటిగంటకు భోజనం పెట్టాలి. ఉద్యమానికి మనిషిని వాడుకుని, అతని మందు సంగతి అడగకపోవడం మన తప్పే.

పుండు మానింది. చిన్నాన్న పూర్తిగా మారాడని మాత్రం చెప్పను. ఇప్పుడు రోజూ రాత్రి తొమ్మిదికి ఫోన్ చేస్తాను. "వేసుకున్నాన్లేరా" అంటాడు. పక్కనుంచి చిన్నమ్మ, "అబద్ధం, ఇంకా లేదు" అంటుంది. నేను ఫోన్ పెట్టను. నీళ్ళ చప్పుడు వినపడేదాకా ఉంటాను.

ఈ ఆదివారం వందన అయ్యాక, మీ ఇంటి 'చిన్నాన్న' ఎవరో ఒకసారి తలుచుకోండి. ఆ 'చిన్నాన్న' మీరే అయితే, మీ కోసం ఎవరు నిద్రపోవడం లేదో తలుచుకోండి.

నమో బుద్ధాయ. జై భీమ్.