తట్ట ఎత్తే ముందు దారి చూడు

అత్తాకోడళ్ళు పాలమూరు నుంచి పట్నం వచ్చారు. ఇల్లు కట్టే చోట కూలి పని దొరికింది. అత్త ఇసుక జల్లెడ పడుతుంది. కోడలు ఇటుకలు మోస్తుంది.

ఒకరోజు కోడలు తలమీద ఇటుకలు పెట్టుకుని మెట్లు ఎక్కుతోంది. మెట్టు మీద కంకర ఉంది. కాలు జారింది. ఇటుకలు పడ్డాయి. కోడలు కూలబడింది. చీలమండ వాచింది.

"నా రాత ఇట్లుంది అత్తా!" అని ఏడ్చింది.

"రాత కాదే పిల్లా, కంకర! పొద్దున ఎవరైనా ఊడ్చి ఉంటే నువ్వు పడేదానివా?" అంది అత్త.

కోడలు వారం రోజులు పనికి పోలేదు. వారం కూలి పోయింది.

అత్త మాట నిజం. తలమీద బరువు ఉంటే మెడ వంచలేం. కాళ్ళ కింద ఏముందో కనబడదు. అందుకే బరువు ఎత్తక ముందే దారి చూడాలి.

మర్నాడు ఆడకూలీలంతా మేస్త్రి దగ్గరికి పోయారు.

"మేస్త్రీ, రోజూ పొద్దున ముందు దారి బాగుచేస్తాం. తర్వాతే తట్ట ఎత్తుతాం" అన్నారు.

"పావుగంట పని పోతుంది కదమ్మా!" అన్నాడు మేస్త్రి.

"నిన్న నా కోడలు పడితే పని ఎంతసేపు ఆగింది?" అని అడిగింది అత్త.

మేస్త్రి ఆలోచించాడు. "సరే, ఆ పావుగంట కూడా కూలి లెక్కలోదే" అన్నాడు.

ఆడవాళ్ళు మెట్ల మీద ఇసుక, కంకర ఊడ్చారు. దారిలో ఉన్న చువ్వలు, తాళ్ళు, పైపులు పక్కకు పెట్టారు. మేకులు ఉన్న చెక్కలు దారిలోంచి తీశారు. మేస్త్రి ఆ మేకులు పీకించాడు. స్లాబులో వదిలిన ఖాళీల మీద గట్టి చెక్కలు వేసి, కదలకుండా బిగించాడు. లిఫ్టు గొయ్యికి, గోడ లేని అంచులకు అడ్డుకర్రలు కట్టించాడు.

పని చోటు భద్రంగా ఉంచే బాధ్యత పని చేయించే వారిదే. అడగడం మన హక్కు.

గుర్తుంచుకోండి:

చీర కుచ్చిళ్ళు కాళ్ళకు తగలకుండా పైకి దోపుకోవాలి.
చీకటిగా ఉన్న మెట్ల మీద బరువుతో ఎక్కకూడదు. దీపం పెట్టించాలి.
అడ్డుకర్ర తీస్తే పని కాగానే మళ్ళీ కట్టాలి.
ఎత్తు నుంచి పడిన మనిషిని గుంజి లేపకూడదు. 108కి ఫోను చేయాలి.

18 నుంచి 60 ఏళ్ళ లోపు వారు, ఏడాదిలో 90 రోజులు కట్టడం పని చేస్తే, భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు రాయించుకోవచ్చు. లేబర్ ఆఫీసులో అడగండి.

చర్చించండి:

1. కోడలు ఎందుకు పడింది?
2. మీరు పని చేసే చోట దారి ఎలా ఉంది?
3. రేపు పొద్దున మొదట ఏం తీసేస్తారు?